కీళచ్చేరి జ్ఞానమ్మ గారి బడి



పోయిన ఆదివారం కూటానికి వచ్చిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన సంఘం యాభయ్యేళ్ళ సంచికలో వేయడానికి "మన మహనీయులు" అని ఒక పట్టీ చదివినారు. కృష్ణదేవరాయల మొదలు పిట్టి త్యాగరాయ చెట్టి గారి దాకా ఇరవై మూడు పేర్లు. అందులో ఆడవాళ్ళు ఇద్దరే. మదురై రాణి మంగమ్మ, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. అప్పుడు మేము లేచి కీళచ్చేరి జ్ఞానమ్మ గారి పేరు చేర్చమని అడిగినాము. "ఎవరాయమ్మ?" అన్నారు ఒకరు. ఇంకొక పెద్దాయన, మంచి మనిషే, "వాళ్ళు వేదక్కారులు కదా, మన లెక్కలోకి వస్తారా?" అన్నారు. ఇంతలో కాఫీ వచ్చింది, మాట అక్కడితో ఆగిపోయింది.

ఆరోజు మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయినాము. నలుగురిలో మాట్లాడాలంటే మాకు నోరు రాదు. రాయమంటే రాస్తాము, ముప్పై ఆరేళ్ళు రైల్వేలో చేసిన పని అదే. చదివింది అరవ మీడియం. తెలుగు అక్షరాలు నలభై దాటినాక, గూడూరు వైపు డ్యూటీ పడినప్పుడు స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

కాన్వెంటు ఇస్కూలు అంటే మనందరికీ ముందు గుర్తొచ్చేది చర్చ్ పార్క్. 1909లో మొదలైన బడి. జయలలిత గారు చదివింది అక్కడే. దాన్ని నడిపే ప్రెజెంటేషన్ సభ కన్యాస్త్రీలు మద్రాసుకు వచ్చింది ఇంకా ముందు, 1842లో. ఐర్లండు నుంచి ఓడలో వచ్చి, అప్పట్లో బ్లాక్ టౌన్ అనే జార్జి టౌనులో ఆడపిల్లలకు బడి పెట్టినారు. వాళ్ళను పిలిపించింది ఇక్కడి ఐరిష్ బిషప్పు జాన్ ఫెన్నెల్లీ గారు. మద్రాసులో కథోలిక ఆడపిల్లల బడుల చరిత్ర ఎవరు రాసినా అక్కడి నుంచే మొదలు పెడతారు. తప్పేమీ లేదు. ఆ దొరసానులు ఎండకు, జబ్బులకు ఓర్చుకుని చేసిన పని చిన్నది కాదు.

మేము చెప్పబోయే బడి మాత్రం ఓడ దిగి వచ్చింది కాదు. బండి దారిలో, తెలుగు సీమ నుంచి వచ్చిన ఒక ఇంటావిడ పెట్టింది.

ఆ కాలం ఎట్లాంటిదో ముందు చూడండి. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లా కలెక్టరుకూ ఒక ఉత్తరువు పంపినాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎంతమంది పిలకాయలు చదువుతున్నారు, ఏ కులం వాళ్ళెంతమంది, ఆడపిల్లలెంతమంది, లెక్క రాసి పంపండి అని. జవాబులన్నీ వచ్చి చేరేసరికి మూడు నాలుగేళ్ళు పట్టింది. మాకు ఇట్లాంటి స్టేట్‌మెంట్లంటే ప్రాణం కాబట్టి ఈ లెక్కను చాలాసార్లు చూసినాము. మొత్తం రాజధానిలో 12,498 బడులు. చదివే పిల్లలు 1,88,650 మంది. అందులో ఆడపిల్లలు 4,540. నూటికి రెండున్నర కూడా లేదు. బళ్ళారి జిల్లా లెక్క ఇంకా ఘోరం. మన బళ్ళారి, హోస్పేట సభ్యులు దీన్ని గమనించాలి. 533 బడులు, 6,641 మంది పిల్లలు, ఆడపిల్లలు అరవై మంది! కొందరు ఇంట్లోనే నేర్చుకునేవాళ్ళని మన్రో కూడా రాసినాడు. అయినా అరుగు మీద ఇసుకలో అక్షరం దిద్దిన ఆడపిల్ల అంటే అంత అరుదు.

ఆ లెక్క అడిగిన 1822లోనే గుంటూరు సీమ ఫిరంగిపురంలో జ్ఞానమ్మ పుట్టింది. తండ్రి తిరుమలరెడ్డి రాయప్పరెడ్డి, తల్లి మరియమ్మ.

ఈ పేర్ల గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే "మన వాళ్ళా కాదా" అనే సందేహానికి సగం జవాబు ఇందులోనే ఉంది. రాయప్ప అంటే పీటరు. పీటరు అంటే వాళ్ళ భాషలో బండరాయి. ఆ రాయికే అప్ప చేర్చినారు. పౌలు అంటే చిన్నవాడు, కాబట్టి చిన్నప్ప. ఇగ్నేషియస్ అరవంలో ఇన్నాసి, తెలుగులో ఇన్నయ్య. జ్ఞానం సంగతి చెప్పక్కర్లేదు. దొరల పేర్లను దొరల పేర్లుగా పెట్టుకోలేదు, మన మాటల్లోకి దించుకున్నారు. మేము ఎన్నో ఏళ్ళు రాయపురం స్టేషన్ మీదుగా డ్యూటీకి పోయి వచ్చినాము. ఆ రాయపురం కూడా రాయప్పగారి పురమే, అక్కడి పీటరు గుడి పేరు మీద వచ్చింది. ఇది తెలిసేసరికి మాకు రిటైర్మెంటు వచ్చేసింది.

జ్ఞానమ్మకు పదకొండేళ్ళ వయసులో గుంటూరు కరువు వచ్చింది. 1833 నాటి నందన కరువు. మన ముసలివాళ్ళు డొక్కల కరువు అనేవాళ్ళే, అది. గుంటూరు జిల్లా ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయినారని లెక్క. తల్లీ తండ్రీ లేని పిల్లలు దారి పొడుగునా పడి ఉన్న కాలం. ఆమె పెద్దయినాక ఏం చేసిందో చదివేటప్పుడు ఈ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి.

ఆమె పెళ్ళాడింది గోపు ఇన్నయ్య గారిని. ఆయన వృత్తి బడిపంతులు. ఇద్దరూ కాపురం ఉన్నది కీళచ్చేరిలో. తిరువళ్ళూరు జిల్లాలో పేరంబాక్కం చుట్టుపక్కల ఉండే ఊరు అది. మన లైను తెలిసిన వాళ్ళకు చెప్పాలంటే, తిరువళ్ళూరు దాటి కడంబత్తూరులో దిగి దక్షిణంగా పోవాలి. హైదరలీ కాలంలో ఆ నేలంతా యుద్ధభూమి. 1780 సెప్టెంబరులో కర్నల్ బెయిలీ దండు పేరంబాక్కం దగ్గర చిక్కుకుని, నాలుగు రోజుల తరువాత పొల్లిలూరులో నాశనమైంది. అట్లాంటి సీమలోకి తెలుగు దేశం నుంచి కథోలిక రెడ్డి కుటుంబాలు వలస వచ్చి, గుడి కట్టుకుని, సేద్యం చేసుకుని నిలబడినాయి. చుట్టూ అరవం, ఇంట్లో తెలుగు. మన తాతలు వచ్చిన దారి వేరేదా చెప్పండి? మనది వేరే ఊరు, వేరే కులం, వేరే గుడి కావచ్చు. కథ మాత్రం ఒక్కటే.

ఫిరంగిపురం నుంచి కీళచ్చేరికి అప్పుడు రైలు లేదు. గూడూరు మీదుగా బెజవాడకు మద్రాసు లైను కలిసింది 1899లో. జ్ఞానమ్మ కాపురానికి వచ్చింది దానికి అరవై ఏళ్ళకు ముందు. బండిలో, నడిచి, ఏర్లు దాటి రావాలి. పుట్టింటికి మళ్ళీ పోవాలంటే ఎన్ని నెలల ముందు తలుచుకోవాలో!

వాళ్ళకు ఐదుగురు కొడుకులు. తరువాత ఇన్నయ్య గారు పోయినారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. పంతొమ్మిదో శతాబ్దం నడుమ, తెలుగు రెడ్ల ఇంట్లో, భర్త పోయిన ఆడమనిషి. ఏ మతమైనా కానీ, విధవ అంటే ఇంట్లో ఏ మూల కూర్చోవాలో ఊరంతా కలిసి తేల్చేసే కాలం అది. ఐదుగురు కొడుకులున్న తల్లి, కాబట్టి కూడు గుడ్డకు లోటు ఉండదు, కోడళ్ళ మీద అధికారం చేసుకుంటూ బతుకు వెళ్ళదీసేయొచ్చు. ఎవరూ ఒక్క మాట అనరు. ఆమె ఆ పని చేయలేదు. 1863లో కీళచ్చేరిలో ఆడపిల్లలకు బడి తెరిచింది.

బడి అంటే ఈనాటి నాలుగంతస్తుల మేడ, యూనిఫారం, వ్యాను అనుకోకండి. పల్లెటూరి బడి. దిక్కులేని పిల్లలను చేరదీసింది, వాళ్ళకు తిండీ చదువూ రెండూ చూసింది. అన్నిటికంటే పెద్ద సంగతి, అణగారిన కులాల ఆడపిల్లలకు కూడా చదువు చెప్పించింది. గుడిలో కూడా కులానికొక పక్క అని విడిగా కూర్చునే రోజులవి. రెడ్ల ఇంటి ఆడమనిషి ఆ పిల్లలను పిలిచి పలక ముందు కూర్చోబెట్టిందంటే, బయటి వాళ్ళ కంటే ముందు సొంత చుట్టాలే ఎన్ని మాటలని ఉంటారో మనకు తెలుసు. మన సంఘంలో ఈనాటికీ పెళ్ళి సంబంధాల పుస్తకంలో కులం గడి ఎంత పెద్దదిగా ఉందో చూస్తున్నాము కదా. ఆ పుస్తకం గీతలు గీసింది మేమే కాబట్టి ఈ మాట అనే హక్కు మాకుంది.

తెలుగు ఆడపిల్లల చదువు అనగానే మనం చెప్పేది కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో 1874లో పెట్టిన బడి. పోయిన ఏడు మన సంఘం పిల్లల వ్యాసాల పోటీలో కూడా అందరూ అదే రాసినారు. పంతులు గారి మీద మాకు ఎంతో భక్తి. అయినా తారీఖులు తారీఖులే. కీళచ్చేరి బడి అప్పటికి పదకొండేళ్ళ నుంచి నడుస్తూ ఉంది.

అట్లాగని సంచికలో "మొట్టమొదటి బడి" అని మాత్రం అచ్చు వేయకండి. వాట్సాపులో తిరిగే చరిత్రల్లో ప్రతిదీ మొట్టమొదటిదే. 1848లో పూనాలో ఫూలే దంపతులు, 1849లో కలకత్తాలో బెథూన్ దొర, 1842లో మద్రాసులో ఐరిష్ కన్యాస్త్రీలు, ఇంకా తెలుగు జిల్లాల్లో ప్రొటెస్టెంటు మిషన్ల బడులు ముందే ఉన్నాయి. 1854లో చార్లెస్ వుడ్ పంపిన పత్రంలో ఆడపిల్లల చదువుకు సర్కారు తోడ్పడాలని కూడా ఉంది. కాబట్టి గాలి మారుతూనే ఉంది. అయితే ఆ గాలి తగిలింది ఎక్కువగా పట్నాలకు. 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మొదటి రైలు నడిచింది, తిరువళ్ళూరు మీదుగానే. దక్షిణ దేశంలో ప్రయాణికుల రైలు నడిచిన మొదటి లైను అదే. ఆ లైను పక్కనే, రైలు కూత వచ్చిన ఏడేళ్ళకు, ఒక పల్లెలో, మన భాష మాట్లాడే ఒక విధవ ఈ పని చేసింది. మాకు గొప్ప అనిపించేది ఇదే. మొదటిది కావడం కాదు.

ఆమెతో కూడిన ఆడవాళ్ళు ఒక సభగా ఏర్పడినారు. 1874లో అది పునీత అన్నమ్మ పేరుతో కన్యాస్త్రీల సభ అయింది. అన్నమ్మ అంటే మరియమ్మ తల్లి, అంటే ఏసు అమ్మమ్మ. పిల్లల్ని కన్న తల్లి, కాపురం చేసిన మనిషి మొదలుపెట్టిన సభకు ఆ పేరు ఎంత కుదిరింది! అదే ఏడు డిసెంబరు 21న జ్ఞానమ్మ గారు కన్ను మూసినారు. యాభై రెండేళ్ళు. వీరేశలింగం గారు బడి తెరిచిన ఏడే ఈమె పోయిన ఏడు. పక్కపక్కన పెట్టి చూస్తే మనసుకు ఏదోగా ఉంటుంది.

ఆమె సభ ఇప్పుడు రెండు. ఒకటి మద్రాసు అన్నమ్మ సభ, ఇంకొకటి ఫిరంగిపురం అన్నమ్మ సభ. అంటే ఆమె పుట్టిన ఊరికి కూడా ఆమె పని తిరిగి చేరింది. సెయింట్ ఆన్స్ అని బోర్డు కనబడిన ప్రతి బడీ వీళ్ళదే అనుకోకండి. సికింద్రాబాదు సెయింట్ ఆన్స్ 1871లో ఇటలీ టురిన్ నుంచి వచ్చిన కన్యాస్త్రీలది, దానికీ దీనికీ సంబంధం లేదు. మేమూ కొన్నాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుని పొరబడినాము. 2014లో రోము నగరం జ్ఞానమ్మ గారిని దైవసేవకురాలు అని ప్రకటించింది. పునీతుల వరుసలో చేర్చే దారిలో అది మొదటి మెట్టు. రోము దాకా తెలిసిన పేరు, తిరువళ్ళూరు జిల్లాలో ఏటా వనభోజనాలు పెట్టుకునే మన సంఘానికి తెలియలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి కొంచెం రాస్తాము, విసుక్కోకండి.

మేము పని చేసిన సెక్షన్‌లో పోయిన ఉద్యోగుల కుటుంబాలకు పెన్షన్ కాగితాలు తయారు చేయాలి. ఆ ఫారంలో భార్య మాదిరి సంతకాలు పెట్టాలి. సంతకం రాకపోతే వేలిముద్ర, దానికి సాక్షులు, అటెస్టేషన్. వందల మంది ఆడవాళ్ళు మా మేజా ముందు నిలబడి వేలు చాచినారు. సిరా అంటిన వేలిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక పైట చెంగుకే తుడుచుకునేవాళ్ళు. మా అమ్మ కూడా అట్లాగే చాచింది, వేరే మేజా ముందు.

ఒకసారి లైను మీద గ్యాంగులో పనిచేసి పోయిన ఒకాయన భార్య వచ్చింది. ఫారం నింపి "ఇక్కడ వేలు పెట్టమ్మా" అన్నాము. ఆమె పెట్టలేదు. కాగితం తీసుకుని మెల్లిగా, పెదవులు కదుపుకుంటూ, పైనుంచి కిందిదాకా చదివింది. మా వెనక క్యూ పెరుగుతా ఉంది, మాకు చిరాకు. చివరికి ఆమె "సార్, ఆయన చేరింది 68లో. మీరు 86 అని రాసినారు" అన్నది. చూస్తే నిజమే. అంకెలు తారుమారు చేసినాము. పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఎగిరిపోయేది. మళ్ళీ దిద్దించాలంటే ఆమె ఎన్ని మెట్లు ఎక్కి దిగాలో మాకు బాగా తెలుసు. ఎంతవరకు చదివినావమ్మా అని అడిగితే, "కన్యాస్త్రీల బడిలో మూడో క్లాసు సార్, పల్లెలో" అన్నది. తరువాత సంతకం చేసింది, నిదానంగా, పూర్తి పేరు.

మూడో క్లాసు. మేము ఆరోజు ఇంటికి పోయి అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకంటే మా అక్క ఐదో క్లాసుతో ఆగిపోయింది. మార్కులు మాకంటే దానికే జాస్తి. హైస్కూలు దూరం, ఇంట్లో ఒకరి ఫీజుకే డబ్బు. ఎవరిని పంపాలి అని ఒక్క పూట కూడా చర్చ జరగలేదు. మేము బడికి పోయినాము, అక్క అమ్మతో కూడా పొలానికి పోయింది. మేము గుమాస్తా అయినాము, తెల్ల చొక్కా వేసుకున్నాము. అక్క ఏనాడూ ఈ మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

రిటైరయినాక మేమిద్దరం, మా ఇంటావిడా మేమూ, కడంబత్తూరులో దిగి కీళచ్చేరికి పోయి వచ్చినాము. బస్సు దిగి అరవంలో దారి అడిగితే ఒక ముసలామె మా మొహం చూసి "ఏ ఊరబ్బా మీది?" అని తెలుగులో అడిగింది. గుడి చూసినాము, బడి చూసినాము. అరవ పాఠం వల్లె వేస్తున్న ఆడపిల్లల గొంతులు బయటికి వినబడుతున్నాయి. బడిలో అరవం, ఇంటికి పోతే తెలుగు. 2006లో మన రాష్ట్రంలో అరవం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పటి నుంచి తెలుగు బడుల గురించి మన సంఘం ఎన్ని మనవులు ఇచ్చిందో లెక్క లేదు. ఇవ్వాల్సిందే. అయినా ఆ గొంతులు వింటూ నిలబడినప్పుడు మాకు ఆ బాధ గుర్తుకు రాలేదు. ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టుకుంటూ నిలబడినాము, పాత అలవాటు. ఒక్క గదిలోనే బళ్ళారి జిల్లా మొత్తం లెక్కలో సగం ఉన్నారు!

ఈ వ్యాసం మొన్న రాత్రి ఫోనులో అక్కకు చదివి వినిపించినాము. దానికి తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. దాని సంగతి రాసిన చోట ఏమీ అనలేదు. అంతా విని ఒకే ప్రశ్న అడిగింది. "ఒరే తమ్ముడూ, ఆయమ్మకు ఐదుగురూ కొడుకులే కదా. ఆడబిడ్డ ఒక్కటి కూడా లేదు. మరి ఊరి ఆడబిడ్డల కోసం ఎందుకురా అంత కష్టపడింది?"

కమిటీ పెద్దలారా, వేదక్కారులు కదా అన్న ఆ పెద్దాయన కూడా దీన్ని చదువుతారని మాకు తెలుసు. ఆయన మీద కోపం లేదు. త్యాగరాయ చెట్టి గారి బడుల్లో చదివినప్పుడు ఎవరూ కులం అడగలేదని ఆయనే ఎన్నోసార్లు చెప్పినారు. సంచిక అచ్చుకు పోవడానికి ఇంకా పదిహేను రోజులుంది. ఇరవై నాలుగో పేరుగా ఈ కింది మూడు వరుసలు వేయమని మా మనవి. అక్షరాలు సరి చూడాలంటే ప్రూఫు మా ఇంటికి పంపండి, అంకెలు మాత్రం ఈసారి మేము రెండుసార్లు చూసినాము.

జ్ఞానమ్మ గారు, 1822–1874.
పుట్టింది గుంటూరు సీమ ఫిరంగిపురం, స్థిరపడింది తిరువళ్ళూరు జిల్లా కీళచ్చేరి.
1863లో కీళచ్చేరిలో ఆడపిల్లలకు బడి తెరిచినారు.